లంగరు నెన్నుకొనుట

ఇంటికి గడియ యెట్టిదో పడవకు లంగరట్టిది. పగలంతయు దానిని తలచువారుండరు. రాత్రి దీపమార్పి, పిల్లలను ప్రక్కలో పరుండబెట్టుకొన్న పిమ్మటనే అది గట్టిదా కాదా యను సందేహము మనస్సును కలచును. తెరచాప గాలికి నిండి అందఱి కన్నులకును పండువు చేయును. లంగరు నీట మునిగి, ఎవరికంటను పడక తన పని తాను చేయును. అందుచేతనే కాబోలు, పడవ కొనువారు తెరచాపను గూర్చి వారము దినములు తర్కింతురు. లంగరు మాత్రము పాతయజమాని విడిచిపోయినదే చాలునని ఊరకుందురు.

ఈ ప్రసంగము మనకేల యని కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని సముద్రపుటొడ్డున నున్న జాతికి లంగరు పరాయిది కాదు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడబొమ్మ కలదు. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో శాసనము వేయించి, గాలివానకు కొట్టుకొనివచ్చి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వపు రాజులు అపహరించుచుండిరనియు, తాను అట్లు చేయక వర్తకుల కభయమిచ్చుచున్నాననియు ప్రకటించెను. లంగరు నిలువని ఓడకు గాలివలన నొక భయము, ఒడ్డువలన నింకొక భయము ఆనాడే యుండెనన్నమాట. ఇక నేడు మన ఆడపడుచులు కాపురము చేయని దేశము లేదు. వారి సుఖనిద్రకు సంబంధించినది మనకు సంబంధించినదే.

మా పినతల్లి కొమార్తె యొకతె ఇంగ్లండు దేశపు తూర్పుతీరమున సఫోకు మండలములోని ఇప్స్విచ్ పట్టణమున నున్నది. ఆమెకు ఇరువురు బిడ్డలు. పెద్దది పదియేండ్ల బాలిక, రెండవవాడు ఆఱేండ్లవాడు. మా మరదికి పడవలయందు మక్కువ. ఇరువదియెనిమిది అడుగుల తెరచాప పడవ నొకదానిని, ఇతరులు వాడినదానిని, కొనెను. తూకము సుమారు మూడున్నర టన్నులు. లోపల నలుగురు పరుండుటకు బల్లలు, వంటకు చిన్న పొయ్యి, వెనుక నొక చిన్న ఇంజను కలవు. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మా యింటివారును మేమును అచ్చటికి పోయి కొన్ని వారములుంటిమి. మా యింటివారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. మేము ఇంట తండ్రిగారి యొద్ద భారత భాగవతములు చదువుకొన్నవారము. పడవల శాస్త్రము మా కిరువురికిని క్రొత్త.

పోయిన మొదటిదినముననే ఇంటిలో నొక వివాదము నడుచుచున్నదని గ్రహించితిమి. దానికి మూలము 2022 ఆగస్టులో జరిగినది. నాడు వారు నలుగురును స్టౌర్ నదిలో రాబ్నెస్ గ్రామమున కెదుట సాయంకాలము పాటువేళ లంగరు దించి నిద్రించిరి. అర్ధరాత్రి పోటు నిండినది, గాలి హెచ్చినది. లంగరు నేల విడిచినది. నిద్రలో నున్నవారి కెవరికిని తెలియకుండ పడవ మెల్లగా ఒడ్డుదరి తిప్పపైకి పోయినది. తరువాత పాటు వచ్చి నీరు తీయగా పడవ బురదలో ప్రక్కకు ఒరగినది. పిల్లవాడు బల్లపైనుండి దొర్లి క్రింద పడెను. మరునాటి పోటు పడవను లేవనెత్తువఱకు నలుగురును ఒరిగిన గోడకు ఆనుకొని కూర్చుండిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. పడవకును నష్టము లేదు. కాని ఆనాటినుండి మా చెల్లెలు పిల్లలతో పడవలో నిద్రించుటకు సమ్మతింపలేదు.

"పాత లంగరు ఏడు కిలోలే. ఇరువది కిలోలది కొనివేసెదను, దానితో భయము తీరును" అని మరది వాదము. "ఇంజను వద్ద, చుక్కాని వద్ద నీవుందువు. ముందు నిలిచి లంగరు లాగునది నేను. మన పడవలో గొలుసును చుట్టు యంత్రము లేదు. నీవు కొనునది నా నడుము విఱుగుటకా?" అని చెల్లెలి వాదము. అతడు అద్దమువలె మెఱయు తుప్పుపట్టని ఉక్కు లంగరు నొకదానిని దుకాణములో చూచి మోహించి యుండెను. దాని వెల జస్తపు పూత పూసిన ఇనుప లంగరు వెలకంటె ఎన్నియో రెట్లు హెచ్చు. "అక్కా, నీవైనను చెప్పుము" అని ఆమె మాపై భారము వేసెను. మా యింటివారు వెంటనే కాగితమును కలమును తెప్పించిరి.

ముందుగా తేలిన సంగతి యేమనగా, లంగరు తన బరువుచేత పడవను నిలుపదు. పూర్వకాలమున రాతిలంగరులు బరువుచేతనే నిలుపుచుండెను. ద్వారక యొద్ద సముద్రగర్భమున 1980 తరువాత జరిగిన అన్వేషణములలో రంధ్రములు తొలిచిన అట్టి రాతిలంగరులు అనేకములు దొరకినవి. పడవను రాతిబరువుతో నిలుపవలెనన్న కొండంత రాయి కావలెను. ఇనుప లంగరు చేయు పని వేఱు. అది నేలను పట్టుకొని లోనికి దిగును. పడవ లాగినకొలదిని ఇంకను లోతుగా దిగును. బలరాముడు హస్తినాపురమును గంగవైపునకు లాగిన కథ భాగవతమున చదువుకొన్నారము గదా! ఆయన నాగలి కొనను నేలలో నాటిన తరువాతనే లాగెను. నాగలి పట్టులోనిది, బరువులో లేదు.

ఈ మాట మేము చెప్పగా మా మరది నవ్వి, "వదినగారూ, నాగలి లంగరు నిజముగనే కలదు" అని ఒక చక్కని వృత్తాంతము చెప్పెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జెఫ్రీ టేలరు అను గొప్ప గణితశాస్త్రజ్ఞు డుండెను. 1886లో పుట్టి 1975లో గతించెను. ద్రవముల గమనమును గూర్చి ఆయన చేసిన పరిశోధనలు లోకప్రసిద్ధములు. 1925లో స్టెఫనీ రావెన్‌హిల్ అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. ఆ దంపతులు 'ఫ్రాలిక్' అను తమ తెరచాప పడవలో 1927లో నార్వే దేశపు ఉత్తరమున నున్న లోఫోటెన్ ద్వీపములవఱకు పోయి వచ్చిరి. ఆ దినములలో లంగరులు మిక్కిలి బరువుగా నుండుటను, చిన్న పడవలవారు పడు శ్రమను ఆయన స్వయముగా నెఱుగును. తేలికయై ఎక్కువ పట్టు పట్టునది కావలెనని ఆలోచించి 1933లో నాగటి కఱ్ఱు ఆకారముగల లంగరును కల్పించెను. దాని పేరు సీ-క్యూ-ఆర్. ఆ మూడక్షరములను వేగముగా పలికిన 'భద్రము' అను అర్థముగల ఆంగ్లపదము వినబడును.

ఈ టేలరుగారి తల్లి, జార్జి బూలు అను గణితజ్ఞుని కుమార్తె. అమ్మమ్మ మేరీ ఎవరెస్టు బూలు, పిల్లలకు గణితము నెట్లు బోధింపవలెనో గ్రంథములు రచించిన విదుషి. మన దేశమును కొలిచిన సర్వేయరు జనరలు జార్జి ఎవరెస్టునకు ఆమె సోదరుని కుమార్తె. మహోన్నతమైన హిమాలయ శిఖరమునకు ఆ ఎవరెస్టు పేరు పెట్టిరి. శిఖరమునకు పేరైన వంశమునకు సంబంధించినవాడే సముద్రపు అడుగున నాటుకొను వస్తువును కల్పించుట మాకు వింతగా తోచినది.

టేలరుగారి తరువాత లంగరులు అనేకరూపములు దాల్చినవి. వానిని చెల్లెలు మాకు దుకాణములో నొక్కొక్కటిగా చూపెను. చిత్రములలో మనము చూచునది, అడ్డుకొయ్యయు రెండు వంపుకొనలును గలది, బెస్తల లంగరు. రాతినేలను, నాచును పట్టుటకు నేటికిని దానికి సాటి లేదు. బురదలో మాత్రము దాని సన్నని కొన వెన్నలో సూదివలె జాఱిపోవును. రెండు వెడల్పైన రెక్కలు గలది డాన్‌ఫర్తు లంగరు. అది అమెరికాలో పుట్టి రెండవ ప్రపంచయుద్ధమున సైనికులను ఒడ్డునకు దింపు పడవలకు ఉపయోగపడినది. ఇసుకలోను మెత్తని బురదలోను తన బరువునకు మించిన పట్టు పట్టును. అల్యూమినియముతో చేసినచో ఒంటిచేత నెత్తవచ్చును. కాని లాగుదిశ మాఱినప్పుడు ఊడినచో, రెక్కల సందున రాయియో ఆలుచిప్పయో చిక్కి మరల నాటుకొనకపోవచ్చును. 1970ల దశకమున పీటరు బ్రూసు అను నాయన ఉత్తరసముద్రపు చమురువేదికలకై చేసిన లంగరునకు కీళ్లు లేవు. మూడు వ్రేళ్ల పంజావలె నుండును. ఊడినను వెంటనే మరల పట్టును గాని, బరువునకు తగిన పట్టు తక్కువ. అటుపిమ్మట జర్మనీ, ఫ్రాన్సు, న్యూజీలండు దేశములవారు చేసిన క్రొత్తరకములలో పెక్కు పారవలె లోనికి గుంటపడి యుండును. వానిలో కొన్నింటికి వెనుక బిందెపిడివంటి యొక వంపుకడ్డీ యుండును. లంగరు తలక్రిందుగా పడినను ఆ కడ్డీ దానిని దొర్లించి మొనను నేలవైపునకు త్రిప్పును.

ఇన్నిటిలో నేది మంచిదని అడుగరాదు; ఏ నేలకు మంచిదని అడుగవలెను. వరిమడికి వాడు నాగలితో రాళ్లచేను దున్నము గదా! పూర్వపు నావికులు సీసపుగుండు అడుగున క్రొవ్వు రాచి త్రాటితో దించెడివారు. క్రొవ్వునకు అంటుకొని వచ్చిన ఇసుకనో, బురదనో, ఆలుచిప్పలనో చూచి అడుగున నేమున్నదో నిర్ణయించెడివారు. నేడు పటములలో ఆ వివరము అచ్చువేయుచున్నారు. మా చెల్లెలివారు తిరుగు ఆర్వెల్, స్టౌర్ నదులు రెండును హార్విచ్ వద్ద కలిసి సముద్రమున పడును. వాని అడుగు చాలవఱకు మెత్తని బురద. అచ్చట నీరు ఆఱు గంటలు లోనికి, ఆఱు గంటలు వెలుపలికి పాఱును. కనుక రాత్రిలో ఒకమారైనను పడవ ముఖము త్రిప్పుకొని లంగరును ఎదుటిదిశకు లాగక మానదు. సాయంకాలము గట్టిగా పట్టిన లంగరు అర్ధరాత్రి తిరిగి పట్టవలెను. ఆ నదులకు కావలసిన మొదటి గుణ మిదియే. డాన్‌ఫర్తు ఎంత తేలికైనను ముఖ్యమైన లంగరుగా పనికిరాదని ఇందుచేత నిశ్చయించి, దానిని రెండవ లంగరుగా నుంచుకొందమనిరి.

ఇంతవఱకు లంగరు మాటయే. అసలు రహస్యము మోకులో నున్నదని తెలిపినది పదియేండ్ల పిల్ల. ఆ నదీతీరముననే నివసించిన ఆర్థరు రాన్సమ్ అను రచయిత 1937లో పిల్లల కథ యొకటి ప్రకటించెను. పిన్ మిల్ అను పల్లెనుండి బయలుదేఱిన నలుగురు పిల్లలు పడవలో నుండగా, పెద్దవాడు ఒడ్డునకు పోయి తిరిగి రాలేదు. పోటు నిండినది, మంచు క్రమ్మినది, లంగరు ఊడినది. పిల్లలు సముద్రము దాటి హాలండు చేరిరి. ఆ పుస్తకమును చదువుచున్న బాలిక, "పెద్దమ్మా, వారి లంగరు చిన్నదని వ్రాయలేదు. పోటు వచ్చి లోతు పెరిగెనని వ్రాసినారు. మాకును అట్లే జరిగెనేమో" అనెను.

మా యింటివారు సంతోషముతో లెక్క వేసిరి. నాగలికి కాడి మిక్కిలి ఎత్తుగా కట్టినచో కఱ్ఱు దిగక పైపైన గీఱుచు పోవును. లంగరునకును అంతే. మోకు నేలవెంట పరుండి ప్రక్కకు లాగవలెను గాని పైకి లాగరాదు. అందుకై లోతునకు అంతా గొలుసైనచో కనీసము అయిదు రెట్లు, త్రాడు ఎక్కువైనచో ఏడురెట్లు వదలవలెను. ఆ 2022 నాటి రాత్రి పాటువేళ లోతు మూడు మీటర్లు. అయిదు మీటర్ల గొలుసును, పది మీటర్ల త్రాడును, వెరసి పదునైదు మీటర్లు వదలిరి. అయిదురెట్లైనదని తృప్తిపడిరి. కాని పోటుకు నీరు మూడున్నర మీటర్లు పెరుగును. పడవ ముందుభాగము నీటికంటె ఒక మీటరు ఎత్తున నుండును. ఈ మూడును కూడగా ఏడున్నర మీటర్లు. పదునైదు దానికి రెండురెట్లే! లంగరు ఇరువది కిలోలదైనను, ఆ మోకుతో నిలుచుట దుర్లభము. చెల్లెలు ఆ కాగితమును తీసికొని రెండుమారులు చూచెను. సంవత్సరముగా ఆమె మనస్సులో కారణము తెలియని భయముండెను. ఇప్పుడు దానికి కారణమును, కొలతయు కనబడినవి.

గాలి సంగతియు ఇట్టిదే. గాలివేగము రెట్టింపైనచో పడవపై దాని లాగుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును; మూడింతలైనచో తొమ్మిది రెట్లు. కనుక మధ్యాహ్నపు పిల్లగాలికి నిలిచినదని రాత్రి గాలికి నిలుచునని నమ్మరాదు.

తరువాత చేతి తూకము. గొలుసు ఎనిమిది మిల్లీమీటర్ల లావుదైనచో మీటరునకు సుమారు 1.4 కిలోలుండును. ఏడు మీటర్ల లోతున వ్రేలాడు గొలుసు పది కిలోలు. దానికి ఇరువది కిలోల లంగరు చేరినచో ముప్పది. అనగా తడిసి జాఱుచున్న బియ్యపుబస్తాను ఊగుచున్న పడవ కొనపై నిలిచి పైకి లాగుట. లంగరు పది కిలోలదైనచో మొత్తము ఇరువది. అది నీళ్లు నిండిన పెద్ద బిందెకంటె కొంచెము హెచ్చు. ఇది బావినీరు తోడిన చేతులకు సాధ్యము. మరది ఈ లెక్కను కాదనలేకపోయెను. రాత్రి గాలివానలో ఎత్తలేని లంగరు ఉన్నను లేనట్టిదే; పడవను కదపవలసినప్పుడు అది విడువని ఋణమువంటిది.

తుదకు ఇట్లు నిర్ణయమైనది. చేయువారు పడవ పొడవునకును తూకమునకును తగినట్లు పట్టిక ఇత్తురు. దాని ప్రకారము పారవంటి గుంటయు, వంపుకడ్డీయు గల పది కిలోల లంగరు. మెఱపు లేనిది, జస్తపు పూతది. మెఱపునకు పెట్టదలచిన రొక్కముతో ముప్పది మీటర్ల గొలుసు, దాని చివర ముప్పది మీటర్ల నైలాను త్రాడు. అఱువది మీటర్లును గొలుసే ఏల కాదని మేమడిగితిమి. ముప్పది మీటర్ల గొలుసే నలువదిరెండు కిలోలగును; అంతకు మించినచో చిన్నపడవ ముక్కు బరువెక్కి అలలలో మునుగును. పైగా నైలాను సాగును. అలతాకిడి కుదుపును తాను మ్రింగి లంగరునకు తగులనీయదు. కాని అది ఒరయుచోట తెగును గనుక పడవ అంచున తోలుముక్క చుట్టవలెను.

చిన్న వస్తువులనుగూడ అశ్రద్ధ చేయరాదు. లంగరును గొలుసును కలుపు లంకెకు మరశీల యుండును. చెవికమ్మల శీల మర వదులైనచో ఎంత వెలగల రవ్వలైనను ఎచ్చటనో జాఱిపోవును గదా! ఆ శీల తిరుగకుండ సన్నని తీగతో బిగించి కట్టిరి. మోకు చివరను పడవలోపల బలమైన త్రాటితో ముడివేసిరి. రాన్సమ్ కథలో పెద్దపిల్లవాడు ఇంకను గొలుసు వదలబోయి మొత్తము గొలుసును లంగరును పోగొట్టుకొనును. కట్టుత్రాడు పైకి కనబడునంత పొడవుండవలెను; ప్రాణాపాయమైనచో కత్తితో కోసి పడవను విడిపించుకొనవచ్చును. పిల్లలు గొలుసుపై అయిదేసి మీటర్లకు ఒక్కొక్క రంగు పూసిరి. చీకటిలోను ఎంత వదలితిమో చేతిదీపముతో చూచి చెప్పవచ్చును.

మే నెల చివర అందఱమును స్టౌర్ నదికి పోయితిమి. గాలివాలున నుండి నెమ్మదిగా వచ్చి, పడవ నిలిచి వెనుకకు జరుగుట కారంభింపగనే చెల్లెలు లంగరును దించెను. విసరలేదు; విసరినచో గొలుసు దానిపై కుప్పపడి చిక్కుకొనును. మెల్లగా గొలుసు వదలి, త్రాడు వదలి, నలువదియైదు మీటర్లైన తరువాత ముడివేసెను. మరది ఇంజనును వెనుకకు నడిపెను. అప్పుడు ఆమె బిగిసిన మోకుపై అఱచేయి ఉంచి, వైద్యుడు నాడి చూచునట్లు నిలిచెను. లంగరు జాఱుచున్నచో గడగడమను అదురు మోకువెంట చేతికి తెలియునట. మమ్మును ఉంచి చూడుమనెను. చేతిక్రింద త్రాడు బిగిసి, సాగి, నిశ్చలమైనది. హోల్‌బ్రూకు పాఠశాల ఎత్తైన గోపురమును, దాని ముందున్న చెట్టును ఒకే వరుసలోనికి తెచ్చి చూచుచుంటిమి. ఆ వరుస చెదరలేదు. ప్రక్కపడవలకును మాకును మోకు తిరుగునంత ఎడముండునట్లు ముందే చూచుకొంటిమి.

రాత్రి గాలి హెచ్చినది. చేతిఫోనులో పడవ స్థానము తప్పినచో గంట మ్రోగు ఏర్పాటు కలదు, అది మ్రోగలేదు. రెండు గంటల వేళ నీరు తిరిగి పడవ మెల్లగా ముఖము త్రిప్పుకొన్నది. చెల్లెలు లేచి పైకి పోయెను. మేమును వెంట పోయితిమి. ఆమె మోకుపై చేయి ఉంచి, దూరమున హార్విచ్ రేవు దీపములను చూచుచు చాలసేపు నిలిచెను. మొదట సన్నని కదలిక, పిదప మరల ఆ నిశ్చలత. "పట్టినదక్కా" అని, క్రిందికి దిగి, కొడుకు ప్రక్కన పరుండి, తెల్లవాఱి పోటువఱకు నిద్రించెను. ఉదయము లంగరు తీయుటలో ఆమె బలము చూపలేదు. పడవను సరిగా లంగరు మీదికి రానిచ్చి, గొలుసును పొట్టిగా బిగించి కట్టెను. పడవ ఊగుటచేతనే అది బురదను విడిచినది. పైకి వచ్చిన దానికి నల్లని బురద ముద్దలు ముద్దలుగా నంటి యుండెను. మా యింటివారు బకెటుతో నీరు పోయుచు కడిగిరి.

లంగరు దించుచోట మఱియొక ధర్మము కలదు. అడుగున సముద్రపు గడ్డి పెరిగినచో అది లంగరునకు చెడ్డ నేల; లంగరును దానికి చెడ్డదే. ఆ దేశపు దక్షిణతీరమున స్టడ్లాండు అను అఖాతములో ఆ గడ్డియందు అశ్వముఖముగల చిన్న చేపలు నివసించును. వాని రక్షణకై 2021నుండి కొంతచోటున లంగరు వేయవలదని పడవలవారిని కోరుచున్నారు. మనకు ఒక రాత్రి విశ్రాంతికై వాని యిల్లు దున్నివేయుట తగదు.

సోదరీమణులలో ఎవరికైనను ఇట్టి సందర్భము తటస్థించినచో ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. అడుగున నేమి నేల? పోటువేళ లోతెంత? రాత్రి లాగు దిశ మాఱునా? ఎత్తు చేయి ఎవరిది? నాలుగింటికిని సమాధానము దొరికినచో దుకాణమున మెఱయుచున్నదేదో చూడనక్కఱలేదు. బరువు బలమని పురుషులు తలంతురు. తేలిక సుఖమని మనము తలంతుము. నేలలో నాటుకొనుటయే లంగరు బలము, దానిని నాటుకొననిచ్చునది విడిచిన మోకు పొడవు. ఆ ఆగస్టులో చెల్లెలు వ్రాసిన లేఖలో, నలుగురును తొమ్మిది రాత్రులు పడవలో గడపిరనియు, లంగరు ఎక్కడ దించవలెనో నిర్ణయించుట ఇప్పుడు తనపనియే యనియు ఉన్నది.